నివురు కింద నిప్పు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు ఈశాన్య కొండల్లో ఒక పాత చెక్క ఇల్లు. ఒకప్పుడు గని కంపెనీ తన పనివాళ్ల కోసం నడిమి గోడ ఉమ్మడిగా కట్టించిన జంట ఇళ్లలో అదొక సగం. అందులో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమె పెనిమిటి ఓపికున్నన్నాళ్లూ గనిలోకి దిగి బొగ్గు తవ్వాడు, ఊపిరితిత్తుల నిండా ఆ దుమ్మే నింపుకుని పోయాడు. ఆయన కొన్న పోత ఇనుప పొయ్యి మాత్రం వంటింట్లో మిగిలింది. చలికాలంలో ఆ ఇంటికి ప్రాణం అదే. దాని వేడి వంటింటి పైకప్పుకు బిగించిన ఇనుప జాలీ గుండా మేడ మీది పడగ్గదికి ఎక్కేది.

ఆ కొండల్లో దొరికేది ఆంత్రసైట్ బొగ్గు. నేలలో దొరికే బొగ్గునంతా మనవాళ్లు రాక్షసి బొగ్గు అన్నారు కానీ, ఆ పేరుకు తగ్గది నిజానికి ఇదే. మన సింగరేణి బొగ్గు తొందరగా అంటుకుంటుంది, పొగా మంటా రెండూ ఎక్కువే. ఇది రాయిలా గట్టిది, అద్దంలా మెరుస్తుంది, చేతికి మసి కూడా సరిగా అంటదు. దాదాపు అంతా కర్బనమే. అంటుకోవడానికి మొండికేస్తుంది. అంటుకున్నాక పొగ లేకుండా, పొట్టి నీలి మంటతో గంటల తరబడి మండుతుంది. ముక్కల సైజును బట్టి బియ్యం, బఠాణీ, గుడ్డు అంటూ తిండి పేర్లతో అమ్ముతారు. చాలాకాలం జనం దీన్ని పనికిరాని నల్లరాయి అనుకున్నారు. 1808 ఫిబ్రవరిలో విల్క్స్‌బారె ఊళ్లో జెస్సీ ఫెల్ అనే ఆయన తన సత్రంలో ఇనుప ఊచల మీద దీన్ని పేర్చి, కింది నుంచి గాలి ఆడేలా చేసి మండించి చూపించాక ఇళ్లలో వాడకం పెరిగింది. ఊచల కింది నుంచి వచ్చే ఆ గాలి మీదే ఈ కథ నడుస్తుంది కాబట్టి ముందే చెప్పాను.

ఒక ఏడాది డిసెంబరులో ముసలావిడ మెట్ల మీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. మనవడు పరుగెత్తుకొచ్చాడు. మంచి పిల్లాడు, నాయనమ్మంటే ప్రాణం. "పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బొగ్గు వెయ్యి నాన్నా. మధ్యలో దాని జోలికి పోకు" అని ఆమె చెప్పింది. అతను తలూపాడు.

ఆ రాత్రి బయట సున్నాకు పదిహేను డిగ్రీల దిగువన చలి. అరగంటకోసారి లేచి పొయ్యి తలుపు తీసి చూశాడు. పైన నల్లగా, అక్కడక్కడా తెల్లటి నివురు. ఆరిపోతోందేమోనని గుండె ఝల్లుమంది. ఇనుప చువ్వ తీసుకుని, కట్టెల మంటను ఎగదోసినట్టు కుళ్లబొడిచాడు. కట్టెలైతే భగ్గుమనేవి. ఇక్కడ పైనున్న బూడిద నిప్పుల మధ్యకు జారింది, వేడికి కరిగి చిట్టెం కట్టింది, ఊచల సందులు మూసుకుపోయాయి. ఒకదాన్నొకటి ఆనుకుని వేడి పంచుకుంటున్న ముక్కలు విడివడి చల్లారాయి. మంట తగ్గిన కొద్దీ అతను ఇంకా పొడిచాడు. తెల్లవారుజామున పొయ్యి చచ్చిపోయింది. మొత్తం తోడిపోసి, కాగితాలూ ఎండుకట్టెలూ వేసి మళ్లీ రాజేసేసరికి పొద్దెక్కింది. దుప్పట్ల కింద నాయనమ్మ ఊపిరి ఆవిరిగా కనిపిస్తోంది. ఆమె ఏమీ అనలేదు.

రెండో రాత్రి పొయ్యికి ఆకలేస్తుందేమోనని దాని గొంతు దాకా బొగ్గు కుమ్మరించాడు. ఒక్క నిప్పుకణం కూడా పైకి కనబడకుండా కప్పేశాడు. లోపల పుట్టిన వాయువు అంటుకునే దారిలేక పేరుకుంది. కాసేపటికి ఒక్కసారిగా అంటుకుని ఢామ్మని తలుపు ఎగిరిపడింది, వంటిల్లంతా మసి.

మూడో రాత్రి మరో ఆలోచన. వేడంతా గొట్టంలోంచి పోతోంది కదా, మూసేస్తే ఇంట్లోనే ఉంటుంది అనుకుని పొగగొట్టం బిళ్లను అడ్డంగా తిప్పేశాడు. బొగ్గు సరిగా కాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రపోతున్న మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గోడ మీది అలారం గీపెట్టకపోతే ఈ కథ అక్కడితో అయిపోయేది. నాయనమ్మను దుప్పట్లో చుట్టి, ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తాడు. మంచులో నిలబడి ఏడ్చేశాడు.

"నేను దాన్ని ఒక్క నిమిషం కూడా వదల్లేదు నాయనమ్మా."

"చూశాను నాన్నా. మూడు రాత్రులుగా నీకు నిద్ర లేదు, దానికి ఊపిరి లేదు."

మర్నాడు పొగగొట్టం బిళ్ల సరిచేయించి, మళ్లీ రాజేయించి, సాయంత్రం ఆమె కుర్చీ వేయించుకుని పొయ్యి పక్కన కూర్చుంది. తన మాట, అతని చెయ్యి. ముందు బూడిద సొరుగు తలుపు తెరిచి కొన్ని నిమిషాలు గాలి ఆడనిచ్చారు. నిప్పులు ఎర్రబడ్డాయి. "బొగ్గు వెనక ఎత్తుగా, ముందుకు వాలుగా పోయాలి. ముందువైపు అరచేయంత నిప్పు కనబడనియ్యి." అతను అలాగే పోశాడు. ఆ అరచేయంత నిప్పు మీద నీలి మంట లేచి, కొత్త బొగ్గు మీదుగా వెనక్కి పాకింది. ఇక ఢామ్మనే భయం లేదు. తర్వాత ఊచలను కుదిపే పిడి పట్టుకుని చిన్నగా, గబగబా కుదపమంది. కింద సొరుగులోకి బూడిద జలజలా రాలింది. రాలిన బూడిదలో ఎర్రటి మిణుగుర్లు కనబడగానే "చాలు" అంది. సొరుగు తలుపు మూయించి, గాలి చక్రాన్ని రూపాయి బిళ్ల మందం సందు ఉండేలా తిప్పించింది.

"ఇంక పడుకో."

"ఆరిపోతే?"

"నేను లేపుతాలే."

పొద్దున్న లేచి చూస్తే పొయ్యిలో బూడిద రంగు తప్ప ఏమీ లేదు. చెయ్యి దానంతటదే చువ్వ వైపు వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. కింది తలుపు తెరిచి నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి నివురు కింద చిటచిటమని సన్నటి చప్పుడు. ఒక మూల ఎర్రబడింది, ఆ ఎరుపు పక్కకు పాకింది. ఏప్రిల్ దాకా ఆ ఇంట్లో మళ్లీ అగ్గిపుల్ల గీయాల్సిన పని పడలేదు.

నీతి: ప్రేమించినదాన్ని వేళకు చూసుకోవాలి. ఒక వేళకూ ఇంకో వేళకూ మధ్య దాన్ని దాని మానాన ఉండనివ్వాలి.

ఈ నీతి మనకు కొత్తేం కాదు. పల్లెటూళ్లలో దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేది. మధ్యలో ఎవరూ దాన్ని కదిపేవారు కాదు. అంత ఓపిక ఉన్న ఇళ్లలోనే ఇవాళ ఇంటర్ చదివే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. హాస్టల్‌కు రోజుకు నాలుగు ఫోన్లు, వారానికో పరీక్ష, ప్రతి మార్కుకూ ఆరా. ఆ అమ్మానాన్నలు చెడ్డవాళ్లు కారు, ఆ మనవడి లాంటివాళ్లే. పైన నివురు చూసి భయపడి చువ్వ అందుకుంటున్నారు. లోపల కుర్రాడు తన పద్ధతిలో రాజుకుంటున్నాడేమో ఆగి చూసే ధైర్యం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు.

అలాగని వదిలేయడమంటే మరచిపోవడం అనుకోకూడదు. ముసలావిడ రెండు పూటలా తప్పకుండా బూడిద తీయించింది, గోడ మీది అలారం బ్యాటరీ మార్పించింది. గాలి సందు ఉందో లేదో చూడకుండా ఒక్క రాత్రీ పడుకోలేదు.

అదే పెన్సిల్వేనియాలో చెప్పుకునే ఒక పాత సంగతి ఉంది. ఫిలడెల్ఫియా దగ్గర స్కూల్‌కిల్ నది ఒడ్డున జోసయ్య వైట్, ఎర్‌స్కిన్ హజార్డ్ అనే ఇద్దరికి ఇనుప తీగల మిల్లు ఉండేది. 1812లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చి మామూలు బొగ్గు దొరకని రోజుల్లో ఈ నల్లరాయిని తెప్పించారు. పనివాళ్లు రాత్రంతా కొలిమి ముందు నిలబడి కెలికారు, ఎగదోశారు. అంటుకోలేదు. విసిగిపోయి తలుపు మూసేసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఒకడు కోటు మరచిపోయి అరగంటకు తిరిగొచ్చాడు. కొలిమి తలుపు ఎర్రగా కాలి ఉంది. తెరిచి చూస్తే లోపల తెల్లటి వెలుగు. కోటు సంగతి మరచిపోయి మిగతావాళ్లను పిలుచుకురావడానికి పరుగెత్తాడు. ఆ ఒక్క నిప్పు మీదే నాలుగు విడతల ఇనుము కాల్చి సాగదీసేదాకా మళ్లీ బొగ్గు వెయ్యాల్సిన అవసరం రాలేదట.