దివిటీలో నూనె



మత్తయి సువిశేషం 25వ అధ్యాయంలోని పదిమంది కన్యల చేతుల్లోనూ దివిటీలున్నాయి. ఐదుగురు మాత్రమే నూనె వెంట తెచ్చుకున్నారు. అర్ధరాత్రి కేక వినబడ్డాక అరువడిగితే దొరకలేదు.

అంటురోగాలు కూడా చెప్పి రావు. రోగులను వేరుగా ఉంచి చూడడానికి నిజాం కాలంలోనే హైదరాబాదులో క్వారంటైన్ ఆసుపత్రి వెలసింది. జనం నోట అది ‘కోరంటి దవాఖాన’ అయింది. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి అదే. అది ముందుచూపు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండోసారి విజృంభించినప్పుడు ఆక్సిజన్ సిలిండర్ల కోసం దేశమంతటా బిడ్డలు, తల్లులు పరుగులు తీశారు. అది అర్ధరాత్రి నూనె వెదకడం.

చేవెళ్ల, మొయినాబాదు కుటుంబాలకు పట్నం చేరేలోపు దగ్గరి సర్కారు దవాఖానే మొదటి దిక్కు. అక్కడ వేరు గది, ఆక్సిజన్, రోగిని చూసే నర్సమ్మ తాను రోగి కాకుండా మాస్కులు, గ్లవ్స్, తగిన తర్ఫీదు ఉన్నాయా? ఊరు చల్లగా ఉన్నప్పుడే గ్రామసభలో అడుగుదాం. పిల్లలకు టీకాలు వేళకు వేయిద్దాం. జ్వరమొచ్చిన పొరుగింటిని వెలివేయక, గంజి అందిద్దాం.

రోగం వచ్చాక చేసే ప్రార్థన మంచిదే. రాకముందు చేసే సిద్ధపాటు కూడా ప్రార్థనే, పొరుగువాని పట్ల ప్రేమే. ప్రభువు మన దివిటీలను ఆరనీయకుండునుగాక. ఆమెన్.