గుట్ట తవ్వే చెయ్యి, మొక్క పెట్టే చెయ్యి



ధమ్మ బంధువులారా! పౌర్ణమి వందన అయినంక ఒక ఉపాసిక లేచి ఇట్లా అడిగింది: "అన్నా, మా ఊరి గుట్టను గ్రానైటు కోసం తవ్వే కంపెనీ, అడివిని కాపాడే ఒక సంస్థతో కలిసి ఊర్లో మొక్కలు పెడతదట. ఊరోళ్లను సంతకం పెట్టుమంటున్నరు. ఇది దానమేనా? ఒప్పుకోవాల్నా, వద్దా?"

ఇది ఆ ఒక్క ఊరి ప్రశ్న కాదు. కరీంనగర్ గుట్టల రాయి ఓడలెక్కి విదేశాలకు పోతున్నది. గోదావరిఖని నుండి బెల్లంపల్లి దాకా బొగ్గు కోసం భూమి లోతుగా తెరుచుకున్నది. ఇంకోవైపు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ హితానికి ఖర్చు పెట్టాలి. పర్యావరణ రక్షణ కూడా ఆ పనుల జాబితాలో ఉన్నది. కాబట్టి వ్యాపారులు, ప్రకృతి రక్షణ సంస్థలు చేతులు కలపడం ఇంకా పెరుగుతుంది. అది తప్పని ధమ్మం అనదు. అయితే దాన్ని కొలిచే కొలత ఇస్తుంది.

జేతవనం కథ మనకు తెలిసిందే. శ్రావస్తి వ్యాపారి సుదత్తుడు, మనం అనాథపిండికుడని పిలుచుకునే ఉపాసకుడు, జేత రాకుమారుని తోటను సంఘం కోసం అడిగాడు. నేలంతా నాణేలు పరిచినా ఇవ్వనన్నాడు జేతుడు. ఆ మాటనే ధరగా పట్టుకొని సుదత్తుడు బండ్లతో నాణేలు తెచ్చి పరిచాడు. ద్వారం దగ్గర కొంచెం జాగా మిగిలింది. అప్పటికి జేతుని మనసు మారింది. "ఆ జాగా నా దానం" అన్నాడు. అక్కడ భూమి ఒకరిది, ధనం ఒకరిది, కాపాడుకునే బాధ్యత సంఘానిది. ఆ తోట మీద సుదత్తుడు మళ్లీ లాభం వెతుక్కోలేదు. ఆ ముగ్గురి కలయిక అందుకే ఇప్పటికీ పుణ్యంగా నిలిచింది.

మరి మన దగ్గర అటువంటి కలయికను ఎట్లా గుర్తుపట్టాలి? ధమ్మంలో ఒక వరుస ఉన్నది. ముందు హాని మానాలి, ఆ తరువాత మేలు చేయాలి, దానితోపాటు మనసును కడుక్కోవాలి. ఈ వరుస తలకిందులు కాకూడదు.

మొదటిది హాని మానడం. బెజ్జూరు అడివిలో, ప్రాణహిత ఒడ్డున పాలరాపు గుట్ట ఉన్నది. అక్కడ రాబందులు గూళ్లు కట్టుకున్నట్టు 2013లో గుర్తించారు. దేశంలో రాబందులు ఎందుకు తగ్గిపోయినయి? పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల ద్వారా పక్షుల మూత్రపిండాలను చంపింది. 2006లో పశువుల కోసం ఆ మందు తయారీని ప్రభుత్వం ఆపించింది. ఆ విషం ఆగకుండా ఎన్ని గుట్టలను కాపాడినా, ఎంత మేత పెట్టినా ఏం లాభం? కుడిచేత్తో గుట్టను తవ్వుతూ ఎడమచేత్తో మొక్క నాటితే లెక్క సరిపోదు.

రెండవది తెలివితో మేలు చేయడం. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి పులులు కాగజ్‌నగర్ అడవుల మీదుగా ఇటు వస్తాయి. ఆ దారి తెగకుండా చూడడమే అక్కడ అసలు పని. ఎక్కడో వరుసగా నీలగిరి చెట్లు పెట్టి అడివి పెంచామంటే కాదు. ఇప్ప, తునికి, నల్లమద్ది కలిసి పెరిగితేనే అడివి. ఆ అడివిని ఎరిగినోళ్లు గోండులు, కొలాములు, నాయకపోడులు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల హక్కును, గ్రామసభ మాటను గుర్తించింది. వాళ్లను అడగకుండా, వాళ్ల బతుకుదెరువు తీసి "రక్షణ" అంటే అది ఇవ్వనిదాన్ని తీసుకోవడమే. రెండవ శీలం అక్కడ తెగిపోతుంది. పులిమీద కరుణ, మనిషిమీద నిర్దయ ఒక్క మనసులో పొసగవు.

మూడవది మనసు. పువ్వు చెడకుండా తేనె తీసుకునే తేనెటీగలాగా సంపాదించమని తథాగతుడు సిగాలునికి బోధించాడు. అట్లా సంపాదించిన దానిలోంచి ఇచ్చేది దానం. పేరు బోర్డు కోసం, అనుమతి కోసం ఇచ్చేది బేరం.

అందుకని చెల్లెకు నేను ఇట్లా చెప్పిన: అమ్మా, వెంటనే అవుననవద్దు, కాదనవద్దు. గ్రామసభలో నాలుగు మాటలు అడగండి. ఏ గుట్టను ఇక ముట్టరో కాగితం మీద రాసిస్తరా? కాపాడే జాగా ఎవరి పేరున, ఎన్నేండ్లు ఉంటది? నాటినంక మూడు ఎండకాలాలు నీళ్లు ఎవరు పోస్తరు, ఆ కూలి మన ఊరోళ్లకేనా? లెక్కలు ఏటా ఊరి ముందు చదువుతరా? జవాబులు సరిగ్గా ఉంటే సంతకం పెట్టి సాధువాదం పలకండి. లేకుంటే వద్దనండి. కోపం మాత్రం వద్దు. ఆ క్వారీలో పనిచేసేది కూడా మన పిల్లలే. వాళ్ల కూలి గురించి కూడా అదే సభలో మాట్లాడండి.

మన ధూళికట్ట స్తూపం శిల్పాల్లో ఐదు పడగల ముచలిందుడు ఉన్నాడు. గాలివానలో ఏడు రోజులు పడగ పట్టి బుద్ధుణ్ణి కాపాడిన నాగరాజు అతడు. ఆనాడు అడివి జీవి బుద్ధునికి నీడ పట్టింది. ఇప్పుడు అడివికి నీడ పట్టే వంతు బుద్ధుని బిడ్డలది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.