నెల సరుకుల లెక్క: పొదుపా, పిసినారితనమా?

జీతం చేతికి రాగానే ప్రతి ఇంట్లోనూ ఒక చీటీ తయారవుతుంది. బియ్యం ఇంత, కందిపప్పు ఇంత, నూనె ఇంత, చింతపండు ఇంత అని వ్రాసుకుంటాం. ఈ నెల ఇంతకు మించి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాకూడదని గట్టిగా అనుకుంటాం. ఇరవయ్యో తేదీ వచ్చేసరికి ఆ తీర్మానం ఏమైపోతుందో మనందరికీ తెలుసు. డబ్బాలు అడుగంటుతాయి. కిరాణా దుకాణంలో ఖాతా పెరుగుతుంది. ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది.

ఈ విషయంలో మన మధ్య రెండు రకాల ఆలోచనలు ఉన్నాయి. ఉపాధి ప్రదాత అల్లాహ్ అయినప్పుడు పప్పులు, ఉప్పులు లెక్కపెట్టుకోవడమేమిటి, అలా లెక్కపెడితే ఇంట్లో బర్కత్ పోతుంది అని కొందరంటారు. మరికొందరికి లెక్కే సర్వస్వం. చుట్టం వస్తే వారి ముఖం చిన్నబోతుంది. పొరుగింటికి వెళ్ళే కూర గిన్నె ఆగిపోతుంది. మరి ధర్మం ఏ వైపున ఉంది?

ప్రణాళిక దైవనమ్మకానికి విరుద్ధం కాదు

ముందు మొదటి వాదాన్ని చూద్దాం. హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం మనకు తెలిసిందే. ఏడేళ్ళ పంట, ఆ తర్వాత ఏడేళ్ళ కరవు రానున్నాయని తెలిసినప్పుడు ఆయన ఇచ్చిన సలహా ఏమిటి? తినడానికి కావలసిన కొద్ది భాగం తీసుకొని, మిగతా ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి భద్రపరచమన్నారు. అల్లాహ్‌పై ఆయనకున్న నమ్మకం కంటే మన నమ్మకం గొప్పదా?

దైవప్రవక్త (స) తమ కుటుంబానికి ఒక సంవత్సరానికి సరిపడే ఆహారాన్ని కేటాయించేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. ఇది బుఖారీలో ఉంది. కాబట్టి నెలకు సరిపడా సరుకులు ముందుగా లెక్క వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని ఎవరూ అనలేరు.

అయితే అదే ఇంటి గురించి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మరో విషయం కూడా ఉంది. రెండేసి నెలలు ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదు. ఖర్జూరాలు, నీళ్ళే ఆహారం. అన్సారీ పొరుగువారు పంపే పాలు వారికి ఆసరా అయ్యేవి. ఏడాది ఆహారం కేటాయించిన ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగలేదు? దాచినది అవసరంలో ఉన్నవారికి, అతిథులకు వెళ్ళిపోయేదని హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. గమనించండి! లెక్క వేశారు, ఆ లెక్క తప్పింది కూడా. కాని అది తప్పింది నాలుక రుచి కోసం కాదు, ఇతరుల ఆకలి తీర్చడం కోసం.

కొలవమన్నదెక్కడ? లెక్కపెట్టవద్దన్నదెక్కడ?

ఇంట్లోని ఆహారాన్ని కొలుచుకోండి, అందులో మీకు శుభం కలుగుతుందని మహాప్రవక్త (స) బోధించారు. మరోవైపు హజ్రత్ ఆయిషా (రజి) తమ అనుభవం చెప్పారు. దైవప్రవక్త (స) పరమపదించిన తర్వాత ఆమె ఇంట్లో కొద్దిపాటి బార్లీ మాత్రమే మిగిలింది. చాలా కాలం దాన్నే తింటూ వచ్చారు. ఒకరోజు కొలిచి చూశారు. ఆ తర్వాత అది అయిపోయింది. ఈ రెండు హదీసులూ బుఖారీలోనివే.

పైకి ఇవి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని పండితులు వీటిని చక్కగా సమన్వయపరిచారు. కొనేటప్పుడు, ఇంటికి తెచ్చేటప్పుడు కొలత అవసరం. అందులో అమ్మేవాని హక్కు, కొనేవాని హక్కు రెండూ ఉన్నాయి. ఇచ్చేటప్పుడు, పెట్టేటప్పుడు చేసే కొలత మాత్రం తరచుగా లోభం నుండి పుడుతుంది. అందుకే అది హర్షణీయం కాదు. హజ్రత్ అస్మా (రజి)కు కూడా దైవప్రవక్త (స) ఇదే ఉపదేశించారు. నీవు లెక్కపెట్టి బిగబట్టుకుంటే అల్లాహ్ కూడా నీ విషయంలో అలాగే చేస్తాడని హెచ్చరించారు.

మన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. లెక్క మన కోరికలకు కళ్ళెం కావాలి, మన వాకిలికి తాళం కాకూడదు. అల్ ఫుర్‌ఖాన్ సూరా 67వ ఆయతులో కరుణామయుని దాసుల లక్షణంగా చెప్పబడినది ఈ మధ్యేమార్గమే. వారు ఖర్చులో దుబారా చేయరు, లోభమూ చూపరు.

కోత ఎవరి పళ్ళెంలో పడుతోంది?

ఇప్పుడు మన ఇళ్ళను చూసుకుందాం. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మనం ముందుగా దేన్ని తగ్గిస్తున్నాం? చాలా ఇళ్ళలో పిల్లల పాలు తగ్గుతాయి. అందరూ తిన్నాక చివరన తినే ఇల్లాలి పళ్ళెంలో కూర తగ్గుతుంది. ఫకీరుకు వేసే పిడికెడు బియ్యం తగ్గుతుంది. యజమాని హోటల్ చాయ్, సిగరెట్టు మాత్రం తగ్గవు. పిల్లలకు అలవాటైన చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు తగ్గవు.

2023-24లో ప్రభుత్వం జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో గ్రామీణ కుటుంబాల ఖర్చులో సుమారు 47 శాతం, పట్టణ కుటుంబాల ఖర్చులో సుమారు 40 శాతం ఆహారానికి పోతోంది. ఆ ఆహారపు ఖర్చులో అన్నిటికంటే పెద్ద వాటా బియ్యానిది కాదు, పప్పుది కాదు. పానీయాలు, చిరుతిండ్లు, తయారై వచ్చే పదార్థాలదే! చిల్లు ఎక్కడ ఉందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మరొక మాట. భర్త ఇచ్చిన డబ్బు చాలకపోతే నేరం ఎప్పుడూ భార్యదేనా? 2023 జులైలో టమాటా ధర అనేకచోట్ల కిలో నూరు రూపాయలు దాటింది. అలాంటి నెలల్లో పాత లెక్కకే కట్టుబడి ఉండమని ఇల్లాలిని నిలదీయడం అన్యాయం. అబూ సుఫ్‌యాన్ (రజి) ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని ఆయన భార్య హింద్ (రజి) విన్నవించుకున్నప్పుడు, తనకూ తన పిల్లలకూ సముచితంగా సరిపోయేంత ఆయన సొమ్ము నుండి తీసుకోవడానికి దైవప్రవక్త (స) ఆమెకు అనుమతించారు. అంటే ఇంటివారి తిండి భర్త దయాభిక్ష కాదు, వారి హక్కు. అలాగే అత్ తలాఖ్ సూరాలో ఎవరి స్తోమతను బట్టి వారు ఖర్చు చేయాలన్న ఆదేశం ఉంది. కనుక భర్త సంపాదనకు మించి కోరడం భార్యకూ తగదు.

ఖాతా కూడా అప్పే

దుకాణదారుడు తెలిసినవాడే కదా, ఎప్పుడైనా ఇవ్వవచ్చు అనుకుంటాం. కాని ఖాతా పుస్తకంలో వ్రాసినది కూడా అప్పే. దైవప్రవక్త (స) అప్పుల భారం నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పులపాలైనవాడు అబద్ధమాడతాడని, మాట తప్పుతాడని దానికి కారణం కూడా తెలిపారు. దుకాణం ముందు నుండి వెళ్ళలేక వేరే సందులోంచి తిరిగి వెళ్ళే వ్యక్తి పరిస్థితి ఇదే కాదా? ఇక క్రెడిట్ కార్డుతో సరుకులు కొని, గడువు దాటాక వడ్డీ కట్టడం అప్పుతో ఆగదు, నిషిద్ధం దాకా తీసుకుపోతుంది.

ఆచరణలో పెట్టాలంటే

నెల మొదట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చొని సంప్రదించుకొని చీటీ వ్రాయాలి. చీటీలో మొదటి వరుస అల్లాహ్ మార్గంలో ఇచ్చేదానికి కేటాయించాలి. మిగిలితే ఇద్దామనుకుంటే అది ఎన్నడూ మిగలదు. రెండవ వరుస పాత బాకీ. ఆ తర్వాతే సరుకులు. అతిథి కోసం కొంత బియ్యం, పప్పు, చాయ్ పొడి, చక్కెర ముందే వేరుగా ఉంచితే, చుట్టం వచ్చిన రోజు ముఖం చిన్నబుచ్చుకునే అవసరం రాదు. మాంసం వండిన రోజు పులుసులో కొంచెం నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ర్ (రజి)కు చెప్పారు. దీనికి అదనంగా అయ్యే ఖర్చెంత?

ఇక రమజాన్ సంగతి. పస్తుండి కోరికలను అదుపు చేసుకోవలసిన మాసంలోనే మన సరుకుల చీటీ రెట్టింపు అవుతోంది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై మిగిలిపోయి పారవేసే పదార్థాలను ఒక్క వారం గమనిస్తే చాలు, పెరిగినది పుణ్యకార్యమో దుబారాయో మనకే అర్థమవుతుంది.

ప్రళయదినాన సంపద గురించి రెండు ప్రశ్నలు ఎదురవుతాయని మనకు తెలుసు: ఎలా సంపాదించావు? దేనికి ఖర్చు చేశావు? మన నెల సరుకుల చీటీ ఆ రెండవ ప్రశ్నకు జవాబులో ఒక భాగం. దాన్ని ఆ దృష్టితో వ్రాద్దాం.

దుబారా నుండి, లోభం నుండి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! మన ఇళ్ళలోని ఆహారంలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.