ఎవరికీ నష్టం లేకపోతే తప్పెలా అవుతుంది?

ఈసారి వ్యాసానికి మా తెలుగు మాస్టారు ఇచ్చిన ప్రశ్న ఇది. "అవదు" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసేశాను. జనవరిలో చిలికా వెళ్ళొచ్చాక ఆ రెండు పేజీలూ చింపేశాను.

మన బరంపురం వాళ్ళకి చిలికా కొత్త కాదు. రైలు రంభ దాటుతుంటే కిటికీ దగ్గరికి పరిగెత్తని వాళ్ళుండరు. కానీ ఆ ఒడ్డున డేరాలో రాత్రి పడుకోవడం మాకు ఇదే మొదలు. నాన్న, అమ్మ, నానమ్మ, తమ్ముడు, నేను - శనివారం మధ్యాహ్నానికి చేరాం. నానమ్మ "ఇల్లుండగా గుడ్డ కింద పడకేటి?" అని దారి పొడుగునా సణిగింది. అక్కడికి వెళ్ళాక అందరికంటే ముందు చాప పరిచింది ఆవిడే!

సాయంత్రం బోటెక్కాం. నడిపే ఆయన మనలాగే తెలుగు మాట్లాడతాడు. నీళ్ళ మీద దూరంగా నల్లగా తెట్టు కట్టినట్టు కనిపించింది. బాతులు! సూదితోక బాతులట, చలికాలం సైబీరియా వైపు నుంచి వస్తాయి. చిలికాలో చాలాచోట్ల నీళ్ళు లోతుండవు కదా, ఆయన మోటారు ఆపేసి గెడతో మెల్లగా తోస్తున్నాడు. నాకేమో అవన్నీ ఒక్కసారి లేచినప్పుడు ఫోటో కావాలి. విశాఖలో ఉన్న మా బావ అలాంటిది పెట్టాడు. నాన్నతో చెప్పాను.

నాన్న "మోటారు వేసి దగ్గరికి పోనీ బాబూ" అన్నాడు.

"వద్దు బాబుగారూ, మేత మీదున్నాయి. లేచిపోతాయి."

"లేవాలనే కదా!" అని నాన్న నవ్వాడు. మేమూ నవ్వాం. ఇంకో 200 ఇస్తానన్నాడు. ఆయన కాసేపు గెడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మోటారు వేశాడు.

అబద్ధమెందుకు, చాలా బాగుంది. ఆకాశమంతా రెక్కల చప్పుడు. తమ్ముడు కేకలు పెట్టాడు. ఫోటో వచ్చింది.

రాత్రి డేరాలో నానమ్మ అంది, "నోటికాడి కూడు లేపేసేరు కదరా." నాన్న "పక్షన్నాక ఎగరదా అమ్మా?" అన్నాడు. ఇద్దరూ నిద్రపోయారు. నాకే పట్టలేదు.

నాన్న మాటలో న్యాయం ఉంది. ఒక్క బాతూ చావలేదు. కొంచెం అవతల మళ్ళీ దిగాయి. బోటాయనకి 200 ఎక్కువ వచ్చింది. లెక్క చూస్తే అందరికీ లాభమే. కాదనడానికి నాకు మొదట తట్టింది ఇది: మేమొక్కళ్ళమే అయితే సరే, రోజూ వచ్చే ప్రతి బోటూ ఇలాగే చేస్తే? వేల కిలోమీటర్లు తిరిగి వెళ్ళాల్సిన పక్షి ఎప్పుడు తింటుంది? 1981లో మన దేశంలో రామ్సార్ ఒప్పందం కింద మొట్టమొదట గుర్తించిన చోట్లలో చిలికా ఒకటి అని సోషల్‌లో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ ఒప్పందం నీటిపక్షుల కోసమే పుట్టింది. పడవలో కూర్చున్నప్పుడు అదేదీ గుర్తురాలేదు.

కానీ ఈ జవాబు కూడా నాకు చాల్లేదు. అంటే మాది ఒక్కటే బోటు అయితే తప్పు లేనట్టేనా? అప్పుడు కూడా నాకు నిద్ర పట్టేది కాదు. ఎందుకంటే నాకు పదే పదే గుర్తొచ్చింది బాతులు కాదు, గెడ పట్టుకుని నిలబడ్డ ఆయన. ఆయనకి తెలుసు. తెలిసే వద్దన్నాడు. ఆ "వద్దు"ని మేం 200కి కొన్నాం. ఆయన ఒప్పుకున్నాడు కదా అనొచ్చు. ఇంట్లో అవసరం ఉన్నవాడు ఒప్పుకోవడమూ, మా నాన్న లాంటివాడు ఒప్పుకోవడమూ ఒకటేనా? ఆయన పోగొట్టుకున్నది మా లెక్కలో ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. పోనీ తప్పు నాన్నదే అందామంటే, అడిగింది నేను.

ఆదివారం పొద్దున డేరా మడతపెడుతుంటే ఆయన ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకుంటున్నాడు. మమ్మల్ని చూసి "మళ్ళీ రండి బాబూ" అని చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

బస్సులో నాన్న అడిగాడు, "ఫోటో బాగా వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

బావకి ఇంకా పంపలేదు.