గోపాలకుని పదకొండు గుణాలు, బస్తర్ పశువులు

మజ్ఝిమ నికాయంలో మహాగోపాలక సుత్తం అని ఒకటుంది. శ్రావస్తిలో, అనాథపిండికుని ఆరామంలో తథాగతుడు భిక్షువులకు చెప్పింది. పదకొండు గుణాలు లేని కాపరి మందను పెంచలేడు, అలాగే పదకొండు గుణాలు లేని భిక్షువు ధమ్మంలో ఎదగలేడు అన్నది దాని సారం. మనం ఎప్పుడూ రెండో సగం మీదే ప్రసంగాలు వింటాం. కాపరి ఉపమానం కాబట్టి అతన్ని దాటి వెళ్లిపోతాం. ఈసారి అతని దగ్గరే ఆగుదాం.

ఆ కాపరికి తన పశువుల రూపం తెలియాలి, ఒంటిమీది గుర్తులు తెలియాలి. ఈగలు పెట్టిన గుడ్లు ఏరి పారేయాలి. పుండుకు కట్టు కట్టాలి. దోమలు ముసిరే వేళ పొగ వేయాలి. ఏ రేవులో దిగాలో, ఏది నీళ్లు తాగిందో ఏది తాగలేదో, ఏ దారి మంచిదో, మేత ఎక్కడుందో తెలియాలి. పొదుగు ఖాళీ అయ్యేదాకా పితకకూడదు. మందను నడిపే పెద్ద ఆబోతులను ప్రత్యేకంగా ఆదరించాలి. ఇందులో పూజ ఎక్కడా లేదు. అన్నీ కంటితో చూసి, చేత్తో తడిమి చేసే పనులు. పశు సంక్షేమానికి ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే ఐదు స్వేచ్ఛలు బ్రిటన్‌లో 1965 నాటి బ్రాంబెల్ కమిటీ నివేదికతో మొదలై, 1979లో ఇప్పటి రూపానికి వచ్చాయి. ఆకలిదప్పులు, ఉండే చోటు, నొప్పీ జబ్బూ, భయం, తన తీరున మసలే వీలు: పశువుకు ఇవి ఎలా ఉన్నాయని అవి అడుగుతాయి. కాపరి చూసేదీ చాలావరకు ఇదే.

పశువైద్యులు ఒంటి పుష్టికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. వెన్నుపూస, పక్కటెముకలు, తుంటి ఎముకలు, తోక మొదలు చూస్తారు, తడుముతారు. ఎముక మీద కండా కొవ్వూ ఏమీ తగలకపోతే 1. బాగా బలిసి ఎముక చేతికి దొరక్కపోతే 5.

ఈ కొలత పట్టుకుని భద్రాచలం నుంచి చింతూరు, కొంట మీదుగా సుక్మా, జగ్దల్‌పుర్ దారిన మే నెలలో వెళితే ఏం కనబడుతుంది? డొక్కలు ఈడ్చుకుపోయిన చిన్న చిన్న ఆవులు, పక్కటెముకలు లెక్కపెట్టగలిగే ఎద్దులు. తొందరపడే మనిషి అక్కడే తీర్పు చెప్పేస్తాడు. కానీ చిన్న ఒళ్లు ఆ నేల పశువుకు పుట్టుకతో వచ్చింది, అది ఆకలి గుర్తు కాదు. ఎముకలు తేలడం వేరు సంగతి. వరికోతలయ్యాక పశువుల్ని విడిచిపెడతారు. ఎండలు ముదిరేసరికి గడ్డి ఉండదు. తొలకరికి మళ్లీ గడ్డి మొలుస్తుంది, ఒళ్లూ వస్తుంది. చిక్కేమిటంటే దుక్కి పని కూడా ఆ తొలకరికే మొదలవుతుంది. ఎద్దు ఏడాదిలో అన్నిటికంటే చిక్కి ఉన్న వారాల్లోనే దాని మెడ మీద కాడి పడుతుంది. మార్కు వేసేవాడు ఏ నెలలో వేశాడో కూడా రాయాలి.

ఇదే బస్తర్‌లో మాడియా, మురియా గోండులకు ఆవు పాలు పితికే అలవాటు సంప్రదాయంగా లేదు. పాలు దూడవి. పశువును పెంచేది దుక్కికి, నూర్పిడికి, ఎరువుకు. సుత్తంలోని కాపరి పొదుగులో కొంత మిగులుస్తాడు, వీళ్లు అసలు చెయ్యే వేయరు. అలాగని వాళ్లను శాకాహార సాధువులుగా చిత్రించడం అబద్ధం. పెద్దకర్మలకు పశువును కోసే ఆచారం మాడియాల్లో ఉండేది. పట్నంలో ఆవును కోయని ఇంట్లో చివరి చుక్క దాకా పితుకుతారు, ఎండిపోయాక రోడ్డు మీద ప్లాస్టిక్ తినడానికి వదిలేస్తారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ చంపాలన్న కోరికనూ చంపవలసిన అవసరాన్నీ వేరు చేసి చూపారు. చంపే రోజున అడగవలసిన ప్రశ్న అది. అంతకుముందు పదేళ్లు ఆ పశువు ఎలా బతికిందన్నది ఇంకో ప్రశ్న, దాన్ని ఎవరూ అడగడం లేదు.

మనవాళ్లలో ఒక వర్గానికి అది తెలుసు. చచ్చిన పశువును మోసి తోలు ఒలిచిన మన పెద్దలకు. గోమార్లు తిన్న చిల్లులు, ములుగర్ర గుచ్చిన మచ్చలు, వాత పెట్టిన చోటు, కాడి రాసి కాయగట్టిన మెడ, అన్నీ తోలు మీద ఉంటాయి. ఆవును తల్లి అన్న ఇంటి గుట్టు ఆ చేతులకు తెలిసేది. ఆ చేతులనే అంటరానివన్నారు. 2016 జూలైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచిన యువకులను కట్టేసి కొట్టారు. 2018 ఏప్రిల్‌లో ఆ కుటుంబం బౌద్ధ దీక్ష తీసుకుంది. అందుకే ఆవు మీద దయ అనే మాట వినగానే మనలో చాలామందికి ఒళ్లు మండుతుంది. న్యాయమే. అయితే ఆ మంటలో పశువును కూడా వాళ్లకే వదిలేస్తే నష్టపోయేది నోరులేని పశువు.

ఛత్తీస్‌గఢ్‌లో 2020 జూలై 20న, హరేలి పండుగ నాడు, కిలో 2 రూపాయలకు పేడ కొనే పథకం మొదలైంది. గౌఠాన్లలో మేత, నీళ్లు, నీడ ఉండాలన్నదీ ఆ ఆలోచనలో ఉండేది. మంచిదే. తూకం మాత్రం పేడకే ఉండేది.

పదకొండో గుణం దగ్గర నేను ఆగిపోతాను. మందకు ముందు నడిచిన పెద్దదాన్ని ఎక్కువగా ఆదరించాలి. బస్తర్ రైతు ఇంట్లో ఆ పెద్దది లాగలేని ముసలి ఎద్దు. ఆ రాష్ట్రంలో 2004 నాటి చట్టం దాన్ని కోయకూడదంటుంది. దానికి మేత రైతు గడ్డివాము నుంచే రావాలి. జూన్‌లో ఆ వాములో మిగిలింది ఒక ఎద్దుకే సరిపోతే, కాడి మోసేదానికి వేయాలా, ఇన్నేళ్లూ మోసినదానికి వేయాలా? గడ్డి మోపు చేతిలో పట్టుకుని రెండు డొక్కల వంక చూసే ఆ మనిషికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.