చూపడం, దాచడం: అమ్మకానికి ముస్తాబైన ఇంటి ధర్మం

అమ్మదలచిన ఇంటిని సర్ది, రంగులు వేయించి, వెలుతురు అమర్చి, చూడవచ్చేవారి కంటికి దాని మంచి గుణాలే ముందుగా ఆనేలా సిద్ధం చేసే పనిని హోమ్ స్టేజింగ్ అంటున్నారు. పేరులోనే రంగస్థలం ఉంది. ఇళ్ల అమ్మకాల వృత్తిలో ఉన్న బార్బ్ ష్వార్జ్ 1970 దశకం నుంచి అమెరికాలో దీనిని ఒక పద్ధతిగా ప్రచారం చేశారు. పేరు కొత్తదే గాని, బేరానికి మనుషులు వస్తున్నారంటే ముందురోజే ఇల్లంతా కడిగి, గదుల్లో పేరుకున్న సామాను అటకెక్కించి, గోడలకు ఒక పూత వేయించే అలవాటు తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఈ అలవాటును ఆనుకొని ఒక ధర్మప్రశ్న ఉంది: ఉన్నదానిని అందంగా చూపడం సత్యానికి లోబడిన పనా, లేక కొనేవారి బుద్ధిని మభ్యపెట్టే పనా? ఒక కుటుంబం జీవితకాలపు సంపాదన పోసి, చాలక అప్పుచేసి, ఏళ్ల తరబడి వాయిదాలు కట్టడానికి సిద్ధపడి, అరగంటసేపు చూసిన చూపుతో కొనే వస్తువు ఇల్లు కాబట్టి, ఈ ప్రశ్నను అభిరుచికి సంబంధించినదిగా తీసిపారేయడం ధర్మచింతనకు తగదు.

అలంకారమనే మాట దగ్గరే ఆలోచన మొదలుకావాలి. సంస్కృతంలో ‘అలం’ అంటే చాలు, తగినంత అని అర్థం. దానికి చేయడమనే అర్థమున్న ‘కారం’ చేరితే అలంకారమైంది. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1939లో ఆభరణాన్ని గురించి రాసిన వ్యాసంలో ఈ వ్యుత్పత్తిని ఆధారం చేసుకొని, పూర్వుల దృష్టిలో అలంకరణ అంటే వస్తువు మీద అతికించిన అదనపు సొగసు కాదనీ, ఆ వస్తువు తన పనికి తాను చాలేలా సన్నద్ధం చేయడమనీ వాదించారు. క్రీ.శ. 800 ప్రాంతంలో కాశ్మీరంలో అలంకారశాస్త్రం రాసిన వామనుడు ఈ చర్చకు మరింత పదును పెట్టాడు. ఆయన లెక్కలో కావ్యానికి శోభను పుట్టించేవి గుణాలు, పుట్టిన శోభను పెంచేవి అలంకారాలు. అంటే గుణం లేనిచోట అలంకారానికి పెంచడానికే ఏమీ ఉండదు. అంతకంటే ముఖ్యంగా, సౌందర్యం దోషాలను విడిచిపెట్టడం వల్లా, గుణాలంకారాలను స్వీకరించడం వల్లా కలుగుతుందని ఆయన చెప్పాడు. దోషాన్ని విడిచిపెట్టమన్నాడే గాని కప్పిపెట్టమనలేదు. కావ్యం గురించి చెప్పిన ఈ మాట ఇంటికి వర్తించినంత చక్కగా మరి దేనికీ వర్తించదేమో.

కృష్ణా, గోదావరి మండలాల్లో ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్న మండువా లోగిలిని తీసుకుంటే ఈ విషయం కంటికి కడుతుంది. నడుమ ఆకాశానికి తెరిచి, చుట్టూ వసారాలు ఉండే ఈ ఇంటి ముఖ్యగుణం వెలుతురు. పొద్దెక్కేకొద్దీ మండువాలో పడిన ఎండ గచ్చు మీద జరుగుతూ, స్తంభాల నీడలను వసారాలోకి తోస్తుంది. వాననీటికి జడిసి ఎవరో మండువా మీద రేకులు వేయిస్తారు, స్తంభాల మధ్య బీరువాలు చేరతాయి, పాత పరుపులు, పగిలిన కుర్చీలు మూలలు ఆక్రమిస్తాయి. ఇంటిని అమ్మే ముందు ఆ రేకులు తీయించి, బీరువాలు జరిపించి, కర్ర స్తంభాలకు నూనె పట్టించి, గచ్చు కడిగించినవాడు కొత్తగా తెచ్చి పెట్టింది ఏమీ లేదు. ఉన్న గుణానికి అడ్డు తొలగించాడు, అంతే. చూడవచ్చినవారు ఆ ఎండను చూసి ముచ్చటపడితే ఆ ముచ్చట నిజమైన దాని మీదే నిలబడుతుంది, ఎందుకంటే ఇల్లు చేతులు మారిన మర్నాడు కూడా పొద్దు అక్కడే పడుతుంది.

అడ్డు తొలగించడానికి ఎదురుగా ఉన్నది అడ్డు పెట్టడం. అద్వైత వేదాంతం మాయకు రెండు శక్తులున్నాయని చెబుతుంది: ఉన్నదానిని కనబడనీయకుండా కప్పేది ఆవరణశక్తి, లేనిదానిని ఉన్నట్టు తోపింపజేసేది విక్షేపశక్తి. మసకచీకట్లో తాడు తాడుగా తెలియకపోవడం మొదటిదాని పని, ఆ తాడే పాముగా తోచడం రెండోదాని పని. ఇంటి ముస్తాబులోని మోసాలన్నీ ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. స్నానాలగది అవతలి గోడకు చెమ్మ ఎక్కి, సున్నం ఉబ్బి, గోటితో తాకితే పెచ్చులుగా రాలి, వేలికి తెల్లటి ఉప్పుపొడి అంటుతున్నప్పుడు, ఆ పెచ్చులు గీకి, పుట్టీ పట్టించి, ముదురురంగు పెయింటు వేయించి, చాలదన్నట్టు దాని ముందు బీరువా నిలబెట్టడం ఆవరణం. లోపల కారుతున్న గొట్టం కారుతూనే ఉంటుంది. పుట్టీ ఎండినంతకాలం ఎండి, వానాకాలం రాగానే ఆ గోడ కొత్త యజమాని ముందు మళ్లీ ఉబ్బుతుంది. ఇక ఇరుకు పడకగదిలో మామూలు మంచానికి బదులు కొలత తగ్గించి చేయించిన మంచం వేసి గది విశాలమన్న భ్రమ కలిగించడం విక్షేపం. మంచం మీద ఎవరూ పడుకోరు, పడుకుంటే కాళ్లు బయటికి వస్తాయి. అది మంచం వేషం వేసిన బొమ్మ. కిటికీకి ఎదురుగా అద్దం పెట్టడాన్ని మాత్రం అదే గాటన కట్టలేం, అద్దం తాను అద్దమని దాచుకోదు, అది తెచ్చే వెలుతురు నిజమైన వెలుతురే.

వస్తువును అమ్మేవాడి కర్తవ్యం గురించి మతగ్రంథాలు మాట్లాడిన చోట్ల తరచు ఈ కప్పడం దగ్గరికే రావడం గమనించదగినది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం కల్తీ సరుకును, సారంలేని సరుకును, తూకం తక్కువైన సరుకును అమ్మరాదంటూ ఆ వరసలోనే ‘తిరోహితం’, అంటే మరుగుపరచిన దానిని కూడా చేర్చింది. కొన్నవాడు పశ్చాత్తాపపడితే పది రోజుల్లోగా సరుకు తిరిగి ఇచ్చుకొనే వీలు కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. హదీసు సంకలనాల్లో ప్రసిద్ధమైన సహీహ్ ముస్లింలో ఒక ఘట్టం ఉంది: ముహమ్మద్ ప్రవక్త బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెడితే లోపల తడి తగిలింది, వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు, తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త అడిగారు. తడిసిన ధాన్యాన్ని అమ్మవద్దని ఆయన అనలేదు, తడిని పైకి తెమ్మన్నారు. ఇంటి విషయంలో దీని అర్థం స్పష్టం: బీరువాను గోడ ముందు నుంచి జరపాలి.

యూదుల ధర్మశాస్త్రం ముస్తాబునే సూటిగా పేర్కొన్నది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో, అమ్మకానికి పెట్టిన మనిషిని గాని (అది బానిసలను అమ్మిన కాలం), పశువును గాని, పాత్రను గాని ముస్తాబు చేయరాదని విధి ఉంది. దాని మీద చర్చగా పెరిగిన తాల్ముదులో ఒక చిక్కు వస్తుంది: పెద్దలైన పండితులే అంగీకి అంచుకుచ్చులు కుట్టవచ్చన్నారు, బాణాలకు రంగు వేయవచ్చన్నారు, మరి ఇది నిషిద్ధం కాదా అని. వస్తువు కొత్తదైతే రంగు వేయవచ్చు, పాతదైతే కూడదు అన్నది అక్కడి సమాధానం. కొత్త బాణానికి రంగు దాని కొత్తదనాన్ని పెంచి చూపుతుంది. పాత బాణానికి అదే రంగు దాని వయసును అబద్ధం చేస్తుంది. చేసిన పని ఒక్కటే అయినా, ఏ వస్తువు మీద చేశారన్న దానిని బట్టి ధర్మం మారుతుందన్న ఈ సూక్ష్మం విలువైనది. అయితే ఇంటికి దీనిని యథాతథంగా వర్తింపజేయడం పొరపాటు, ఎందుకంటే పాత ఇంటికి వెల్ల వేయడం దానిని బ్రతికించే పని. వయసును ఒప్పుకుంటూనే పాత ఇల్లు శుభ్రంగా ఉండవచ్చు.

భారతదేశపు చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్, వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని, మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలంటుంది. చెప్పకపోవడాన్ని వంచన కిందే లెక్కిస్తుంది. చట్టం ఇక్కడ మౌనాన్నే తప్పు పట్టింది. అలాంటప్పుడు ఆ మౌనానికి పుట్టీ, పెయింటు తోడైతే తప్పు రెట్టింపైనట్టే.

ముస్తాబును సమర్థించేవారు ఒక బలమైన మాట అంటారు: అమ్మకానికి పెట్టిన ఇల్లు అలంకరించి ఉంటుందని అందరికీ తెలుసు, తెలిసి చూసేవాడు ఎలా మోసపోతాడు? ఈ వాదాన్ని తూచడానికి విశాఖపట్నం దగ్గరి సింహాచలం కంటే మంచి కొలమానం దొరకదు. అక్కడి వరాహలక్ష్మీనృసింహస్వామి మూలమూర్తి ఏడాది పొడవునా చందనపు పూతలోనే దర్శనమిస్తుంది. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయతృతీయ నాడు మాత్రమే పూత ఒలిచి నిజరూపాన్ని చూపి, మళ్లీ చందనం సమర్పిస్తారు. రూపం కప్పబడి ఉన్నా అక్కడ వంచన లేశమూ లేదు, ఎందుకంటే పూత ఉందని భక్తుడికి తెలుసు, పూత కింద ఏమున్నదో తెలుసు, దానిని చూసే తిథి కూడా తెలుసు. అమ్మకపు ఇంట్లో మొదటిది ఒక్కటే తెలుస్తుంది. ముస్తాబు ఉన్నదని తెలియడం వేరు, ముస్తాబు కింద ఏమున్నదో తెలియడం వేరు. మొదటి తెలివి రెండో అజ్ఞానాన్ని పోగొట్టదు. లోపాన్ని నోటితో చెప్పిన తర్వాత కూడా నిలబడగల ముస్తాబు సత్యానికి లోబడిందని ఒప్పుకోవచ్చు. చెమ్మ గోడను చూపించి, గొట్టం మార్చిన సంగతో మార్చని సంగతో చెప్పి, ఆ తర్వాత మండువాలోకి తీసుకువెళ్లి ఎండను చూపేవాడు అమ్మేవాడే అయినా ధర్మం తప్పలేదు.

కొనేవాడికి ఇంతగా న్యాయం చేయమని అడిగే చర్చలో, అమ్మేవాడి ఇంట్లోవాళ్లకు జరిగిన అన్యాయం ఎవరికీ పట్టదు. ఏళ్ల తరబడి బొట్టుబొట్టుగా కారిన వంటింటి కుళాయి, సగమే తెరుచుకొనే కిటికీ రెక్క, వెలగని వసారా దీపం, అన్నీ ముక్కూమొహం తెలియని మనిషి చూడవస్తాడనగా రెండు రోజుల్లో బాగుపడతాయి. ఇంట్లో కాపురమున్నవారు ఆ కుళాయి కింద గిన్నె పెట్టుకొని బతికారు. తిథి చెప్పకుండా వచ్చేవాడిని అతిథి అని, అతడిని దేవుడితో సమానంగా చూడమని చెప్పిన సంప్రదాయం, అతిథి రాకకు ఇల్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలనే కదా కోరింది. గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాకిట కల్లాపి చల్లి ముగ్గు వేయడం ఏ కొనుగోలుదారుడి కోసమూ కాదు. బియ్యప్పిండి ముగ్గయితే చీమలకు కూడా ఆహారమవుతుంది, పంచమహాయజ్ఞాలలో సకల జీవులకు అర్పించే భూతయజ్ఞం ఉద్దేశం అందులో నెరవేరుతుంది. మధ్యాహ్నానికి చెరిగిపోయేదాన్ని మర్నాడు మళ్లీ వేస్తారు. కుమారస్వామి చెప్పిన అర్థంలో ఇది అచ్చమైన అలంకారం, ఇల్లు ఇల్లుగా చాలడానికి చేసే పని.

అమ్మకపు ముస్తాబులో మరో నియమం ఉంది, దానిని గురించి తొందరపడి తీర్పు చెప్పడం కుదరదు. కుటుంబం ఫోటోలు, పెళ్లి పటాలు, పిల్లల బహుమతులు, కొన్నిసార్లు దేవుడి మందిరం కూడా తీసేయమంటారు. చూడవచ్చినవారు ఆ గోడల మధ్య తమ బతుకును ఊహించుకోవడానికి ఖాళీ కావాలంటారు. ఇది ఆవరణమే, ఒక జీవితాన్ని కప్పడమే. అయినా కొనేవాడికి చెల్లవలసిన సత్యం ఇంటి గుణదోషాలకు సంబంధించినది, అక్కడ బతికినవారి సుఖదుఃఖాలకు సంబంధించినది కాదు; వాటిని తమతో తీసుకుపోయే హక్కు వారికి ఉంది. ఇరవై ఏళ్లు ఒకేచోట వేలాడిన పటాన్ని దించితే దాని వెనక గోడ మొదట వేసిన రంగులోనే ఉండిపోయి కనిపిస్తుంది, చుట్టూ ఉన్న రంగు ఎండకూ పొగకూ వెలిసి ఉంటుంది. పెయింటరు ఆ చతురస్రం మీద కూడా రోలరు తిప్పుతాడు. చెమ్మ గోడ మీద వేసిన పూత, దీని మీద వేసిన పూత ఒకే డబ్బాలోవి కావచ్చు. ఒకటి కొనేవాడికి బాకీ ఉన్న మాటను మింగేస్తుంది, మరొకటి ఎవరికీ బాకీ లేని జ్ఞాపకాన్ని, ఆ పటానికి రోజూ పువ్వు పెట్టిన మనిషి పక్కనే నిలబడి చూస్తుండగా, మెల్లగా కప్పుతుంది.