మోషే ఇద్దరు కుమారులు

ధ్యానభాగము: నిర్గమకాండము 18:1–7



మోషే కుమారులిద్దరును స్వజనుల మధ్య పుట్టినవారు కారు. తండ్రి మిద్యానులో మామగారి మందను మేపుకొనుచున్న దినములలో పుట్టిరి. పెద్దవాని పేరు గేర్షోము. అన్యదేశములో పరవాసినైతినను దుఃఖము ఆ పేరులో నున్నది. చిన్నవాని పేరు ఎలీయెజెరు. తండ్రి దేవుడు తనకు సహాయుడై ఫరో కత్తినుండి తప్పించెనను కృతజ్ఞత అందులో నున్నది. ఆ యింటిలో దుఃఖమును కృతజ్ఞతయు ఒకే చాపమీద నిద్రించెను.

ఈ రెండు పేర్లను మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములవారు బాగుగ ఎరుగుదురు. మన తాతల కాలమున కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఓడనెక్కి అనేకులు ‘రంగం’ పోయిరి. రంగూను మిల్లులలోను రేవులోను కూలిచేసిరి. కొందరు భార్యాబిడ్డలతో అక్కడనే కాపురముండిరి. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా, 1942లో వేలాది కుటుంబములు పసిబిడ్డలను చంకనెత్తుకొని అడవులు, కొండలు దాటి నడిచివచ్చిరి. త్రోవలో బిడ్డలను పూడ్చిపెట్టిన తల్లులెందరో! 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో దుకాణములను ప్రభుత్వపరము చేయగా, మరల అనేకులు వట్టి చేతులతో తిరిగివచ్చిరి. అక్కడ పుట్టిన పిల్లలకు మన ఊరే పరదేశమాయెను.

నేడు ఓడకు బదులు విమానమున్నది. ఇచ్ఛాపురము, సోంపేట, కవిటి ప్రాంతములనుండి మన యువకులు గల్ఫు దేశములకును సింగపూరునకును పోవుచున్నారు. తక్కువ జీతముగల పనివాడు కుటుంబమును తీసికొనిపోవుటకు అక్కడి చట్టములు సామాన్యముగ సెలవియ్యవు. కనుక బిడ్డలు నాయనమ్మయొద్ద పెరుగుచున్నారు.

మోషే బిడ్డలకును అట్లే జరిగెను. గాడిదమీద ఎక్కించుకొని బయలుదేరిన భార్యాపిల్లలను అతడు మామయొద్దకు తిరిగి పంపెను. అతని పని గొప్పది. అయినను పిల్లలు తండ్రికి దూరముగనే యుండిరి. అప్పుడు ముసలివాడైన యిత్రో ఏమిచేసెను? మోషే కీర్తిని విని ఇంటనే సంతోషించి ఊరకుండలేదు. కుమార్తెను, మనుమలను వెంటబెట్టుకొని అరణ్యములో మోషే గుడారమువరకు వచ్చెను.

ఇందునుబట్టి మా తప్పిదమును ఒప్పుకొనుచున్నాము. విదేశమునకు పోవువాని వీసాకొరకు ప్రార్థించితిమి. అతడు పంపిన కానుకను సంఘములో చదివితిమి. అతని బిడ్డల పేర్లు అడుగ మరచితిమి. ఒక సాయంకాలము గృహదర్శనమునకు వెళ్ళి, నాలుగేండ్ల పిల్లను, “మీ నాన్న యెక్కడమ్మా?” అని అడిగితిమి. ఆ పిల్ల గూటిలోని ఫోనును చూపెను. నాయనమ్మ నవ్వి, “దానికి నాన్నంటే అదేనండి, అయ్యగారూ” అనెను. మాకు నవ్వు రాలేదు.

పరదేశములోని తండ్రులారా, డబ్బు పంపితిమని తృప్తిపడకుడి. ఫోనులోనైనను మీ బిడ్డలతో కలిసి ప్రార్థించుడి. మీ స్వరముతో వాక్యము వినిపించుడి. అక్కడ పిల్లలతో కాపురమున్నవారలారా, ఇంట తెలుగు మాటలాడుడి, తెలుగు బైబిలు చదివించుడి. ఇంట కూర్చున్నప్పుడును త్రోవ నడుచునప్పుడును బిడ్డలకు నేర్పవలెనను ఆజ్ఞ (ద్వితీ. 6:7) ఏ దేశమందైనను చెల్లును. సంఘపు పెద్దలారా, మనము యిత్రోలమగుదము. ఈ ఆదివారము మొదలుకొని ఆ బిడ్డలను పేరుపేరున ప్రార్థనలో జ్ఞాపకము చేసికొందము. వారి యిండ్లకు పోయి పలుకరింతము.

మన ప్రభువు సయితము పసితనమున ఐగుప్తులో పరదేశిగా నుండెను. ఆయన మన గేర్షోములను ఎలీయెజెరులుగా చేయునుగాక. ఆమేన్.